యాక్టివ్ బేస్ గిటార్‌లో శబ్దం పగులుతోందా? కారణాన్ని వరుసగా వెతికి సరిచేసే పద్ధతి

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో చర్చి బృందాల్లోనూ పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోనూ బేస్ వాయించేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: యాక్టివ్ బేస్‌లో (అంటే సిగ్నల్‌ను పెంచే, బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ అనే సర్క్యూట్ లోపలే ఉన్న బేస్ గిటార్‌లో) అక్కర్లేని డిస్టార్షన్ వస్తుంటే, అంటే శబ్దం పగులుతుంటే, ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలి? చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకుని వెనుక మూత విప్పడంతో మొదలుపెడతారు. అక్కడికి వెళ్ళవలసింది అన్నిటికంటే చివర. తీగ నుంచి స్పీకర్ వరకు శబ్దం ప్రయాణించే దారిలో ఎన్నో మజిలీలు ఉన్నాయి. ఏ మజిలీలో శబ్దం చెడుతోందో తేల్చకుండా ఏ భాగాన్ని మార్చినా డబ్బూ సమయమూ వృథా అవుతాయి.

ఈ వ్యాసమంతటికీ ఒకే నియమం వర్తిస్తుంది: ఒక్కసారి ఒక్కదాన్నే మార్చి, అదే నోటును అదే బలంతో మళ్ళీ వాయించి వినాలి. బ్యాటరీనీ కేబుల్‌నూ కలిపి మార్చితే సమస్య తీరవచ్చు గాని, దేనివల్ల తీరిందో తెలియదు. పాత కేబుల్ మళ్ళీ సంచిలోకి చేరి, వచ్చే కార్యక్రమం నాడు పరువు తీస్తుంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఇవన్నీ చేతికి అందేటట్టు పెట్టుకున్న తరువాతే కూర్చోండి.

☐ డీసీ వోల్టులు కొలిచే మల్టీమీటర్ (అతి చవకది సరిపోతుంది)
☐ కొత్త 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ. మీ బేస్‌లో రెండు బ్యాటరీలు ఉంటే రెండు
☐ బాగా పనిచేస్తుందని తెలిసిన మరొక గిటార్ కేబుల్
☐ వేరొక యాంప్ గాని, హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ గాని
☐ మూత స్క్రూలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్, మిల్లీమీటర్ల స్కేలు
☐ మెత్తటి గుడ్డ, విప్పిన స్క్రూలు వేసుకోవడానికి ఒక గిన్నె
☐ కాగితం, పెన్ను

చివరిది అనవసరంగా కనిపించవచ్చు. అయితే నాలుగో పరీక్షకు వచ్చేసరికి మొదటి పరీక్షలో ఏం విన్నారో గుర్తుండదు.

2. శబ్దం ఎప్పుడు పగులుతోందో వినండి

బేస్ మీద వాల్యూమ్ పూర్తిగా తెరిచి, ఈక్యూ నాబ్‌లన్నిటినీ (కింది, మధ్య, పై స్వరాలను పెంచే, తగ్గించే నాబ్‌లు) మధ్యలోని గాటు దగ్గర నిలిపి, ఓపెన్ ఇ తీగను మీటి, నోటు పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. తరువాత జి తీగ మీద పన్నెండో ఫ్రెట్ దగ్గర అదే చేయండి. ఇక్కడ తొందరపడకూడదు, ఎందుకంటే సగం నిర్ధారణ ఇక్కడే జరుగుతుంది.

నోటు మొదలైన క్షణంలో పగిలి, వెంటనే శుభ్రపడితే, ఎక్కడో సిగ్నల్ మోతాదు మించుతోందని అర్థం. బలహీనపడిన బ్యాటరీ, ఎక్కువగా పెంచిన ఈక్యూ, తీగకు మరీ దగ్గరగా ఉన్న పికప్, యాంప్ ఇన్‌పుట్ గెయిన్ అనే నాలుగూ ఇందులో అనుమానితులు.

నోటు మొదట బాగుండి, ఆరిపోతున్నప్పుడు చివర్లో బరబరమంటే, అది మోతాదు సమస్య కాదు. బాగా చచ్చిపోయిన బ్యాటరీ గాని, ప్రీయాంప్ లోపల వోల్టేజీ సమతూకం తప్పడం గాని కారణమయ్యే అవకాశం ఎక్కువ.

కొన్ని నోట్ల దగ్గర మాత్రమే, ఎంత మెల్లగా వాయించినా గరగర వినిపిస్తే ఫ్రెట్‌లనో, స్పీకర్‌నో, గదిలోని వస్తువులనో అనుమానించండి. వాయించకపోయినా నాబ్ తిప్పినప్పుడో కేబుల్ కదిలినప్పుడో మాత్రమే చిటపటలు వస్తే, అది డిస్టార్షన్ కిందికి రాదు; కాంటాక్టు సమస్య. దాని సంగతి 6, 9 విభాగాల్లో చూద్దాం.

3. ప్లగ్ పెట్టకుండా వాయించండి

కేబుల్ తీసేసి, బేస్ కొమ్మును చెక్క తలుపుకో బల్లకో ఆనించి వాయిస్తే, తీగ ఫ్రెట్‌కు తగిలే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. యాంప్‌లో వినిపించిన గరగర ఇక్కడా వినిపిస్తే ఎలక్ట్రానిక్స్ జోలికి వెళ్ళనక్కర లేదు. నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయించాలి. కృష్ణా తీరపు వానాకాలపు తేమకూ మే నెల ఎండకూ మధ్య నెక్ కొంత కదలడం సహజమే. ఏసీ గదిలో సెట్ చేసిన బేస్‌ను ఆరుబయలు వేదిక మీద వాయించేవారు ఈ పరీక్షను ఎప్పుడూ దాటవేయకూడదు.

బ్రిడ్జి శాడిళ్ళ చిన్న స్క్రూలు, ట్యూనింగ్ కీల బిగింపు, పికప్ కింది స్ప్రింగులు కూడా వదులైతే మోగుతాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి పట్టుకుని అదే నోటు మీటితే దొంగ దొరుకుతుంది.

గదిని కూడా పరీక్షించాలి. ఇనుప బీరువా, కిటికీ అద్దం, షట్టరు, ఫ్యాను రెక్కల స్క్రూలు బేస్ నోట్లకు ఇట్టే కంపిస్తాయి. అదే నోటును హెడ్‌ఫోన్‌లో వింటే శుభ్రంగా ఉందంటే, తప్పు బేస్‌ది కాదు.

4. లోపం బేస్ లోపలా, బయటా?

ఈ క్రమాన్ని మార్చకుండా అనుసరించండి.

అ) పెడళ్ళన్నిటినీ పక్కన పెట్టి, బేస్‌ను ఒకే కేబుల్‌తో నేరుగా యాంప్‌కు కలపండి. 9 వోల్టులతో పనిచేసే కంప్రెసర్లు, ఆక్టేవ్ పెడళ్ళు యాక్టివ్ బేస్ ఇచ్చే బలమైన సిగ్నల్‌ను తట్టుకోలేక తామే పగిలిన శబ్దం ఇస్తాయి. బైపాస్‌లో ఉంచితే సరిపోతుందని అనుకోవద్దు. బఫర్ (సిగ్నల్‌ను నిలబెట్టే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ బైపాస్‌లో ఉన్నా సిగ్నల్ దాని సర్క్యూట్ గుండానే వెళ్తుంది.

ఆ) కేబుల్ మార్చండి. స్పీకర్ కేబుల్‌కూ గిటార్ కేబుల్‌కూ చివరి ప్లగ్ ఒకటే కాబట్టి వేదికల మీద అవి తారుమారవుతుంటాయి. స్పీకర్ కేబుల్‌కు షీల్డ్ ఉండదు కనుక హమ్ వస్తుంది. మూడు భాగాల స్టీరియో ప్లగ్ ఉన్న కేబుల్‌ను మాత్రం యాక్టివ్ బేస్‌కు అసలే పెట్టకూడదు. కారణం జాక్ గురించి చెప్పేచోట తెలుస్తుంది.

ఇ) యాంప్ మీద యాక్టివ్, పాసివ్ (ప్రీయాంప్ లేని బేస్‌కు) అని రెండు ఇన్‌పుట్‌లు గాని, సిగ్నల్‌ను తగ్గించే ప్యాడ్ బటన్ గాని ఉంటే, యాక్టివ్ వైపుకు మార్చండి. తరువాత గెయిన్‌ను పూర్తిగా తగ్గించి, మీ అత్యంత బలమైన మీటుకు క్లిప్ లైటు (మోతాదు మించిందని చూపే లైటు) వెలగనంత వరకు మాత్రమే మెల్లగా పెంచండి. కావలసిన శబ్దాన్ని మాస్టర్ వాల్యూమ్‌తో తెచ్చుకోవాలి. గెయిన్ పెంచి మాస్టర్ తగ్గించి వాయించడం ఇక్కడి రిహార్సల్ గదుల్లో నేను తరచూ చూసే అలవాటు. శబ్దం సన్నగా ఉంటే గెయిన్ ఇంకా పెంచుతారు, అది ఇంకా పగులుతుంది.

ఈ) మిక్సర్‌కు నేరుగా వెళ్తున్నట్టయితే, మైక్ ఇన్‌పుట్‌లోకి వెళ్తోందా, లైన్ ఇన్‌పుట్‌లోకా అని చూడండి. యాక్టివ్ బేస్ సిగ్నల్ మైక్ ఇన్‌పుట్‌ను సులువుగా ముంచేస్తుంది. డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే పెట్టె) వాడితే దాని ప్యాడ్ వేయండి. బ్యాటరీతో నడిచే డీఐ బాక్స్ అయితే దానిలోని బ్యాటరీ కూడా అనుమానితుడే, అయినా దాన్ని చూసేవారు అరుదు.

ఉ) అదే యాంప్‌లోకి ఫోన్ నుంచి బేస్ బాగా ఉన్న పాటను తక్కువ శబ్దంతో పంపండి. అదీ గరగరమంటే స్పీకర్ కోన్ చిరిగిందో, వాయిస్ కాయిల్ రాపిడి అవుతోందో చూడాలి. యాంప్‌ను ఆపి, వేళ్ళను కోన్‌కు అన్ని వైపులా సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కినప్పుడు గీరుకున్నట్టు తగిలితే స్పీకర్ పని అయిపోయినట్టే.

పందిళ్ళలో వాయించేవారికి ఇంకొక మాట. దసరా, వినాయక చవితి వేదికలకూ, ఫిబ్రవరిలో జరిగే గుణదల మాత ఉత్సవాల రోజుల్లో వెలిసే వేదికలకూ దూరం నుంచి సన్నని వైర్లతో కరెంటు లాగుతారు. లైట్లన్నీ వెలిగించాక వోల్టేజీ పడిపోయి, యాంప్ తన పూర్తి శక్తికి చేరకముందే పగిలిన శబ్దం ఇవ్వవచ్చు. ఇంట్లో బాగున్న బేస్ వేదిక మీద మాత్రమే పగిలితే, వోల్టేజీ కొలవమని అక్కడి ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఆ కొలత మీరు తీయవద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా, వేరొక గిటార్ అదే కేబుల్‌తో అదే యాంప్‌లో శుభ్రంగా పలుకుతూ, మీ బేస్ మాత్రమే పగులుతుంటే, లోపం బేస్‌లోనే ఉంది. యాక్టివ్, పాసివ్ స్విచ్ ఉన్నవారు ఇప్పుడు దాన్ని పాసివ్‌కు, అంటే సిగ్నల్ ప్రీయాంప్‌ను దాటవేసే స్థితికి, మార్చండి. పాసివ్‌లో శుభ్రంగా ఉంటే 5, 6, 7, 9 విభాగాలు చూడండి. పాసివ్‌లోనూ పగిలితే ముందుగా 8కి వెళ్ళండి. కొన్ని బేస్‌లకు ఈ స్విచ్ ఉండదు. వారు వరుసగా చదువుకుంటూ పోవడమే మార్గం.

5. బ్యాటరీ: కొలవండి, నమ్మకండి

ప్రీయాంప్‌కు అవసరమైన విద్యుత్తంతా ఈ చిన్న బ్యాటరీ నుంచే వస్తుంది. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ మీటరు మీద సుమారు 9.5 వోల్టులు చూపిస్తుంది. 9 పైన ఉంటే నిశ్చింత. 8 కంటే తగ్గితే కార్యక్రమానికి ముందే మార్చండి. 7 దగ్గరికి వచ్చేసరికి చాలా ప్రీయాంప్‌లు బలమైన మీటుకు పగలడం మొదలుపెడతాయి.

కొలిచే సమయం కూడా ముఖ్యమే. అరిగిన బ్యాటరీ రాత్రంతా ఖాళీగా ఉంటే కొంత కోలుకుని, పొద్దున కొలిస్తే మంచి అంకె చూపిస్తుంది. రిహార్సల్ మొదట్లో బాగుండి, కాసేపయ్యాక శబ్దం పగిలే బేస్‌లలో తరచుగా జరిగేది ఇదే. అందుకని కేబుల్ పెట్టి, కొంతసేపు వాయించి, కేబుల్ తీయకుండానే కొలవండి.

కొనేటప్పుడు పైన ముద్రించిన కోడ్ చూడండి. 6ఎఫ్22 అని ఉంటే అది జింక్ కార్బన్ రకం, 6ఎల్ఆర్61 అని ఉంటే ఆల్కలైన్. మన వీధి చివరి దుకాణాల్లో 9 వోల్టుల బ్యాటరీ అడిగితే ఎక్కువగా చేతికి వచ్చేది మొదటిది. అది పనిచేయదని కాదు గాని, త్వరగా తగ్గిపోతుంది. రీచార్జబుల్ వాటిలో కొన్నింటి అసలు వోల్టేజీ 8.4 మాత్రమే; పూర్తి చార్జిలో ఉన్నా వాటికి మార్జిన్ తక్కువ. వోల్టేజీ పెంచే సర్క్యూట్‌ను లోపలే పెట్టుకున్న కొన్ని లిథియం రకాలు సన్నని కూత కూడా కలుపుతాయి. పరీక్ష వరకైనా కొత్త ఆల్కలైన్ బ్యాటరీనే వాడండి.

18 వోల్టుల బేస్‌లో రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలవాలి. ఒకటి కొత్తది, ఒకటి చచ్చినది కలిస్తే మొత్తం అంకె మోసం చేస్తుంది. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి మార్చండి.

బ్యాటరీ క్లిప్పును తిరగేసి పెట్టి ఒక్క క్షణం తాకించినా, రక్షణ డయోడ్ లేని ప్రీయాంప్ పాడైపోవచ్చు. చీకటి వేదిక మీద తడుముకుంటూ మార్చకుండా, ఫోన్ లైటు వేసుకుని ప్లస్, మైనస్ చూసి పెట్టండి. క్లిప్పులోని గుండ్రటి కాంటాక్టు వదులైతే పట్టకారుతో దాని రేకులను లోపలికి కొద్దిగా వంచండి. ఆకుపచ్చ లేదా తెల్లటి పొడి కనిపిస్తే క్లిప్పునే మార్చడం మేలు. దాని ఖరీదు చాలా తక్కువ.

6. అవుట్‌పుట్ జాక్: అందరూ వదిలేసే చోటు

యాక్టివ్ బేస్‌లో జాక్ కేవలం శబ్దాన్ని బయటికి పంపే రంధ్రం కాదు; అదే బ్యాటరీ స్విచ్ కూడా. చాలా బేస్‌లలో అది స్టీరియో జాక్. దానికి మూడు కాంటాక్టులు ఉంటాయి: కొనకు తగిలేది సిగ్నల్, మధ్య వలయానికి తగిలేది బ్యాటరీ నల్ల తీగ, మొదలుకు తగిలేది గ్రౌండ్. మామూలు మోనో ప్లగ్ దూర్చగానే దాని పొడవాటి లోహపు మొదలు వలయపు కాంటాక్టునూ గ్రౌండ్‌నూ కలిపేస్తుంది. అప్పుడు ప్రీయాంప్ మేలుకొంటుంది. స్టీరియో ప్లగ్‌లో వలయం వేరుగా ఉంటుంది కాబట్టి ఈ కలయిక జరగదు. బ్యాటరీ కలవదు, శబ్దం అసలు రాదు లేదా నీరసంగా వస్తుంది.

ఈ వలయపు రేకు వదులైనప్పుడు కనిపించే లక్షణం ప్రత్యేకమైనది. వాయిస్తుండగా శబ్దం ముందు గరుకెక్కుతుంది, కొన్ని క్షణాల్లో సన్నగిల్లుతూ ఆరిపోతుంది, ప్లగ్‌ను కొద్దిగా కదపగానే మళ్ళీ నిండుగా వస్తుంది. బ్యాటరీ తెగిపోయినా ప్రీయాంప్‌లోని కెపాసిటర్‌లో మిగిలిన కొద్దిపాటి విద్యుత్తు ఖర్చయ్యేదాకా శబ్దం అలా లాగుతుంది. ఇది వింటే కేబుల్‌ను తిట్టుకోకుండా జాక్‌ను చూడండి.

సరిచేసే విధం ఇదీ. జాక్ ప్లేటు విప్పి, ప్లగ్ దూర్చి, ప్రతి రేకు ప్లగ్‌ను గట్టిగా తాకుతోందో లేదో పక్క నుంచి చూడండి. వదులైన రేకును ప్లగ్ తీసేశాక వేలితో కొద్దిగా లోపలికి వంచండి. కాంటాక్ట్ క్లీనర్‌ను ప్లగ్ మీద చల్లి, నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. జాక్ నట్టును బిగించేటప్పుడు లోపల జాక్ తిరగకుండా పట్టుకోకపోతే తీగలు మెలికపడి తెగుతాయి. ఇది ఎక్కువగా జరిగే ప్రమాదం. పాత జాక్ ఎంతకీ పట్టు ఇవ్వకపోతే అదే రకం మూడు కాంటాక్టుల కొత్త జాక్ వేయించండి. రెండు కాంటాక్టుల జాక్ వేస్తే బ్యాటరీ కలవదు.

కేబుల్‌ను బేస్‌లోనే వదిలేసి ఇంటికి వెళ్ళేవారి బ్యాటరీ ఎందుకు అయిపోతుందో ఇప్పుడు వేరే చెప్పనక్కర లేదు.

7. ఈక్యూ: ఎంత పెంచితే ఎంత పెరుగుతుంది

6 డెసిబెల్‌లు పెంచితే వోల్టేజీ రెండింతలు, 12 పెంచితే నాలుగింతలు అవుతుంది. గట్టిగా మీటినప్పుడు పికప్ నుంచి శిఖరం వద్ద 1 వోల్టు వస్తోందని అనుకుందాం. ఈక్యూలో కింది స్వరాలను పెంచే బేస్ నాబ్‌ను 12 డెసిబెల్‌ల వరకు తిప్పితే ఆ నోటుకు 4 వోల్టులు కావాలి. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఆప్ ఆంప్‌కు (ప్రీయాంప్‌లో సిగ్నల్‌ను పెంచే చిప్‌కు) పైకీ కిందికీ చెరి 4.5 వోల్టులే చోటు. చాలా ఆప్ ఆంప్‌లు అంచుల దగ్గర ఒక వోల్టుకు పైగా వాడుకోలేవు కాబట్టి నిజంగా మిగిలేది సుమారు 3. నాలుగు వోల్టుల నోటు అందులో పట్టదు, శిఖరం తెగుతుంది. బ్యాటరీ 7 వోల్టులకు పడితే మిగిలేది 2 వోల్టులే.

కాబట్టి నాబ్‌లన్నీ మధ్యలో పెట్టినప్పుడు శుభ్రంగా ఉండి, పెంచినప్పుడే పగిలితే అది లోపం కాదు, పరిమితి. బేస్‌లో ఈక్యూ తగ్గించి ఆ బలాన్ని యాంప్ మీద తెచ్చుకోండి. లేదా వినిపించాలనుకున్నదాన్ని పెంచే బదులు అడ్డుపడుతున్న మిడ్‌ను కొద్దిగా తగ్గించండి. నా ఉద్దేశంలో రెండోదే మంచి అలవాటు.

18 వోల్టులకు మార్చుకుంటే చోటు రెండింతలకు పైగా పెరుగుతుంది. అయితే ప్రీయాంప్ తయారీదారు మాన్యువల్‌లో 18 వోల్టులు అనుమతించి ఉంటేనే ఆ పని చేయాలి.

8. పికప్ ఎత్తు

తీగకు పికప్ దగ్గరయ్యేకొద్దీ సిగ్నల్ బలపడుతుంది. మరీ దగ్గరైతే ప్రీయాంప్ మునుగుతుంది, స్లాప్ చేసినప్పుడు తీగ అయస్కాంతపు తలకు తగిలి టక్కుమంటుంది, అయస్కాంతం తీగను లాగడంతో నోటు వింతగా ఊగుతుంది.

ఇ తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, తీగ అడుగు నుంచి పికప్ పైభాగం వరకు ఉన్న ఖాళీని కొలవండి. ఇ వైపు 3 మిల్లీమీటర్లు, జి వైపు 2.5 మిల్లీమీటర్లు మొదలుపెట్టడానికి మంచి కొలతలు. తగ్గించాలంటే స్క్రూను సగం చుట్టు మాత్రమే తిప్పి, మళ్ళీ వాయించి వినండి. కింది స్పాంజి నలిగిపోయి ఉంటే స్క్రూ తిప్పినా పికప్ కదలదు. పైనుంచి బలంగా అదిమితే పికప్ తీగలు తెగే ప్రమాదం ఉంది, స్పాంజి మార్చండి.

లోపల బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ పికప్‌లైతే, ప్రీయాంప్‌ను పాసివ్‌కు మార్చినా వాటికి బ్యాటరీ కావాలి. అటువంటి బేస్‌లో పాసివ్‌లోనూ శబ్దం పగిలితే ముందు మళ్ళీ బ్యాటరీనే చూడాలి.

9. చివరగా మూత విప్పడం

కేబుల్ తీసి, బ్యాటరీ తీసి, మూత విప్పే ముందు ఉన్నది ఉన్నట్టుగా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తరువాత చూడవలసినవి:

☐ ఊడిన తీగలు, మూత కింద నలిగిన తీగలు
☐ మెరుపు లేకుండా, పగుళ్ళతో కనిపించే సోల్డరింగ్
☐ షీల్డింగ్ రేకుకు తగులుతున్న ప్రీయాంప్ కాళ్ళు
☐ బ్యాటరీ కారిన మరకలు

నాబ్ తిప్పినప్పుడు చిటపటలు వస్తే పొటెన్షియోమీటర్‌లోకి (నాబ్ కింద తిరిగే భాగంలోకి) కొద్దిగా కాంటాక్ట్ క్లీనర్ చల్లి, ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. శుభ్రం చేసినా కొద్ది రోజుల్లో చిటపటలు తిరిగి వస్తే దుమ్ము కారణం కాదు. ఒక కెపాసిటర్ లీకై డీసీ వోల్టేజీ నాబ్ మీదికి చేరుతోందని అనుమానించాలి.

సర్క్యూట్ బోర్డు బయటికి కనిపిస్తే ఒక కొలతతో చాలా తేలుతుంది. బ్యాటరీ తిరిగి పెట్టి, కేబుల్ దూర్చి, దాని రెండో చివరను ఖాళీగా ఉంచండి. టీఎల్072, టీఎల్062 వంటి ఎనిమిది కాళ్ళ డ్యూయల్ ఆప్ ఆంప్ అయితే, మీటరు నల్ల కొనను 4వ కాలి మీద ఉంచి ఎర్ర కొనతో 8వ కాలిని తాకండి. అక్కడ బ్యాటరీ వోల్టేజీయే దాదాపుగా కనిపించాలి. బ్యాటరీ దగ్గర 9.4 ఉండి ఇక్కడ బాగా తక్కువ ఉంటే, మధ్యలోని క్లిప్పో జాకో తీగో తినేస్తోంది. తరువాత 1, 7 కాళ్ళను తాకండి: రెండింటిలోనూ సరఫరాలో సుమారు సగం, అంటే 4.7 దగ్గర ఉండాలి. ఒకటి 1 వోల్టు దగ్గరో 8 దగ్గరో అతుక్కుపోయి ఉంటే, నోటు చివర్లో వినిపించిన బరబరకు కారణం అదే. ఆప్ ఆంప్‌నో, సగం వోల్టేజీని నిలబెట్టే కెపాసిటర్‌నో మార్చాలి. కొన పక్క కాలికి జారి రెండిటినీ కలపకుండా జాగ్రత్తపడండి.

ఎపాక్సీలో ముంచేసిన ప్రీయాంప్‌లో ఈ కొలత తీయడానికి వీలుండదు. బ్యాటరీ, జాక్, ఎత్తు, ఈక్యూ అన్నీ సరిగా ఉండి, ప్రీయాంప్ సరఫరా తీగల దగ్గర పూర్తి వోల్టేజీ కనిపించినా శబ్దం పగులుతుంటే, దాన్ని మొత్తంగా మార్చడమే పరిష్కారం.

సోల్డరింగ్ చేయవలసి వస్తే బ్యాటరీ తీసేసి, బేస్ మీద గుడ్డ కప్పి, 25 నుంచి 40 వాట్ల ఐరన్ వాడండి. వేడి ఐరన్‌ను పొటెన్షియోమీటర్ వీపు మీద ఎక్కువసేపు ఉంచితే లోపలి ట్రాక్ మాడుతుంది.

10. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు

"సౌండ్ బాగా లేదు" అని చెప్పి ఇస్తే, అతను మొదటి విభాగం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి, ఆ గంటలకు మీరు డబ్బు కట్టాలి. కాగితం మీద రాసుకున్నది ఇవ్వండి: శబ్దం నోటు మొదట్లో పగులుతోందా, చివర్లోనా, పాసివ్‌లో ఎలా ఉంది, కేబుల్ పెట్టి కొలిచినప్పుడు బ్యాటరీ ఎంత చూపింది, ఏయే కేబుల్, ఏ యాంప్ మార్చి చూశారు. మీరు వాడే కేబుల్‌నూ, అరిగిపోయిన ఆ బ్యాటరీనీ పారేయకుండా బేస్‌తో పాటే ఇవ్వండి. కొత్త బ్యాటరీ వేసి ఇస్తే అతని దగ్గర బేస్ శుభ్రంగా పలికి, లోపం కనిపించకుండానే తిరిగి మీ చేతికి వస్తుంది.